రాష్ట్రం మారుతున్నారా? మీ తుపాకీ సరిహద్దు దాటకముందే తేల్చుకోవాల్సిన నమోదు నియమాలు

అమెరికాలో తుపాకీ రిజిస్ట్రేషన్ గురించి నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి, నాలుగూ నిజమే అయ్యుండవచ్చు. టెక్సాస్‌లో ఉన్నాయన "అలాంటిదేమీ లేదండి" అంటాడు. హొనొలులులో ఉన్నాయన "ఐదు రోజుల్లో పోలీసుల దగ్గర నమోదు చేయించాల్సిందే" అంటాడు. ఇద్దరూ తమ ఊరి మాట చెబుతున్నారు. చిక్కల్లా మొదటాయన మాట విని రెండో ఊరికి తుపాకీతో వెళ్లినప్పుడే వస్తుంది. ఈ నియమాలు తెలియక తప్పు చేసేవాళ్లలో ఎక్కువమంది నేరగాళ్లు కారు. ఉద్యోగం మారి, సామాను సర్దుకుని, డబ్బాలో ఒక పిస్టల్ కూడా పెట్టుకుని బయల్దేరిన మామూలు మనుషులు. అందుకే ఈ పని వరుసగా, తొందర లేకుండా చేసుకోవాలి.

మొదట మీ అర్హత చూసుకోండి

తుపాకీ సంగతికి ముందు మీ సంగతి. ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్‌1బీ, ఎల్1, ఎఫ్1 వంటివన్నీ ఇందులోకి వస్తాయి. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఎక్కువమంది వాడుకునేది ఏదైనా ఒక అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. లైసెన్స్ గడువు గత నెలలో ముగిసిపోయి, తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంటే మినహాయింపు పోయినట్టే. 2022లో చేసిన మార్పు తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, వలస హోదాకు జరిగే నష్టం దానికి అదనం. కాబట్టి వీసా మీద ఉన్నవారు లైసెన్స్ గడువు తేదీని పాస్‌పోర్టు గడువు తేదీలాగే గుర్తుపెట్టుకోవాలి. రాష్ట్రం మారితే అక్కడి చట్టం ఇంకా కఠినంగా ఉండవచ్చు. ఫెడరల్ మినహాయింపు ఉన్నంత మాత్రాన రాష్ట్రం ఒప్పుకోవాలని లేదు.

ఫెడరల్ స్థాయిలో ఏది నమోదు, ఏది కాదు

దేశమంతటికీ కలిపి తుపాకీల రిజిస్టర్ లేదు. 1986 నాటి తుపాకీ యజమానుల రక్షణ చట్టం అలాంటిది పెట్టకూడదని చెబుతుంది. దుకాణంలో కొన్నప్పుడు మీరు నింపిన ఫారం 4473 రిజిస్ట్రేషన్ కాదు, అది డీలరు దగ్గరే ఉంటుంది. డీలరు వ్యాపారం మూసేస్తే ఆ కాగితాలు తుపాకీల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కు వెళతాయి. ఎఫ్‌బీఐ నేపథ్య తనిఖీలో "సరే" అని వచ్చిన వివరాలను 24 గంటల్లోపు చెరిపేయాలి. అంటే "నేను దుకాణంలో కొన్నాను, ప్రభుత్వానికి తెలుసు, అదే రిజిస్ట్రేషన్" అనుకోవడం పొరపాటు. కొత్త రాష్ట్రం ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకోదు.

దీనికి ఒక పెద్ద మినహాయింపు 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్. మెషిన్‌గన్లు, సప్రెసర్లు (పేలుడు శబ్దం తగ్గించే పరికరాలు), 16 అంగుళాలకంటే పొట్టి బారెల్ (గొట్టం) ఉన్న రైఫిళ్లు, 18 అంగుళాలకంటే పొట్టి బారెల్ ఉన్న షాట్‌గన్లు, బాంబుల వంటి విధ్వంసక పరికరాలు కేంద్ర రిజిస్టర్‌లో ఉండి తీరాలి. రైఫిల్ గానీ షాట్‌గన్ గానీ కోసి పొట్టిచేసిన ఆయుధం మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గినా అదే వర్గం. 2026 జనవరి 1 నుంచి సప్రెసర్లు, పొట్టి రైఫిళ్లు, పొట్టి షాట్‌గన్ల మీద ఉన్న 200 డాలర్ల పన్ను సున్నా అయింది. మెషిన్‌గన్లకు, విధ్వంసక పరికరాలకు 200 అలాగే ఉంది. పన్ను తీసేశారు కాబట్టి నమోదు కూడా పోయిందని చాలామంది అనుకుంటున్నారు. పోలేదు. దరఖాస్తు, వేలిముద్రలు, ఆమోదం అన్నీ మునుపటిలాగే ఉన్నాయి.

బారెల్ పొడవు మీద అనుమానం ఉంటే కంటితో అంచనా కట్టకండి. తుపాకీ ఖాళీ అని చూసి, ఛాంబర్‌ను (తూటా కూర్చునే అరను) మళ్లీ చూసి, బోల్ట్ (గొట్టాన్ని వెనక నుంచి మూసే భాగం) మూయండి. గొట్టం మూతి నుంచి చెక్క కడ్డీ ఒకటి లోపలికి బోల్ట్ ముఖానికి తగిలేదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి కొలవండి. మూతికి మరతో బిగించిన పరికరాన్ని కొలతలో కలపకూడదు. వెల్డింగ్ వంటి పద్ధతిలో శాశ్వతంగా బిగించినదైతేనే కలపాలి. ఇక్కడ పావు అంగుళం తేడా వస్తే ఆ తుపాకీ వర్గమే మారిపోతుంది.

కేంద్ర రిజిస్టర్‌లో ఉన్న పొట్టి రైఫిల్, పొట్టి షాట్‌గన్, మెషిన్‌గన్, విధ్వంసక పరికరం వేరే రాష్ట్రానికి తీసుకెళ్లాలంటే ముందుగా ఫారం 5320.20 పంపి ఏటీఎఫ్ అనుమతి తెచ్చుకోవాలి. సప్రెసర్‌కు ఈ ఫారం అక్కర్లేదు. కానీ కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, మసాచుసెట్స్, హవాయి, డెలావేర్, రోడ్ ఐలాండ్‌లలో మామూలు పౌరుడి దగ్గర సప్రెసర్ ఉండటమే నేరం. ఫెడరల్ ఆమోద పత్రం చేతిలో ఉన్నా అక్కడ అది మిమ్మల్ని కాపాడదు.

"రిజిస్ట్రేషన్" అనే మాట వెనక ఏముందో విడదీసి చూడండి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. "ఫలానా రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉందా?" అని వెతికితే ఉంది, లేదు అన్న జవాబు దొరుకుతుంది. ఆ జవాబుతో మీకు పని జరగదు. అడగాల్సినది వేరు: ఏ పని చేస్తే బాధ్యత మొదలవుతుంది? తుపాకీని లోపలికి తేవడమా, కొనడమా, వారసత్వంగా రావడమా, ఊరికే దగ్గర ఉండటమా? ఎవరికి చెప్పాలి? ఎప్పటి నుంచి ఎన్ని రోజులు? ఈ మూడూ కలిపితేనే జవాబు పూర్తవుతుంది. రాష్ట్రాలను ఈ కళ్లతో చూస్తే కొన్ని రకాలు బయటపడతాయి.

*ప్రతి తుపాకీ నమోదు.* హవాయి, వాషింగ్టన్ డీసీ. హవాయిలో పిస్టల్ అయినా రైఫిల్ అయినా తప్పదు. బయటి నుంచి తెచ్చినవారికి ఐదు రోజులే గడువు. మనిషి దిగిన రోజా, తుపాకీ దిగిన రోజా అంటే, రెండింటిలో ఏది తర్వాత జరిగితే అక్కడి నుంచి లెక్క. కాబట్టి ఓడలో సామాను వెనకగా వస్తుంటే ఆ పెట్టె చేరిన రోజు రాసి పెట్టుకోండి. నమోదు చేసేది మీరుండే కౌంటీ పోలీసు శాఖ. వెళ్లేముందు ఫోన్ చేసి, తుపాకీని వెంట తేవాలా, వివరాలు చాలా, అపాయింట్‌మెంట్ కావాలా అని అడగండి. ఐదు రోజుల్లో శని, ఆదివారాలు పోతే మిగిలేది తక్కువ, అందుకే విమానం ఎక్కకముందే ఆ అపాయింట్‌మెంట్ సంగతి తేల్చుకోవాలి.

డీసీలో నమోదు మెట్రోపాలిటన్ పోలీసు శాఖ దగ్గర. ఇళ్లలో చేతితుపాకీ ఉంచుకునే హక్కు మీద 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన హెల్లర్ తీర్పు నమోదును కొట్టేసిందని కొందరు చెబుతుంటారు. అది సరికాదు. 2015లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు మూడేళ్లకోసారి మళ్లీ నమోదు, చట్టం మీద పరీక్ష, తుపాకీని స్టేషన్‌కు తేవాలన్న షరతు, నెలకొకటే పిస్టల్ అన్న నియమం కొట్టేసింది. అసలు నమోదును, వేలిముద్రలను, స్వయంగా హాజరవడాన్ని అలాగే ఉంచింది. పాత వ్యాసాలు చదివి వెళ్లేవారు ఈ తేడా దగ్గరే తికమకపడతారు.

*కొత్తగా వచ్చిన నివాసి ఇచ్చే నివేదిక.* కాలిఫోర్నియాలో తుపాకీని రాష్ట్రంలోకి తెచ్చిన 60 రోజుల్లోపు న్యాయశాఖకు తెలపాలి. ఫారం పేరు బీవోఎఫ్ 4010ఏ, రుసుము 19 డాలర్లు, వాళ్ల ఆన్‌లైన్ వ్యవస్థ సీఫార్స్ ద్వారానూ పంపొచ్చు. 2014 జనవరి 1కి ముందు ఇది చేతితుపాకీలకే ఉండేది, ఇప్పుడు రైఫిళ్లకు, షాట్‌గన్లకు కూడా వర్తిస్తుంది. "నాది వేట షాట్‌గనే కదా" అన్న ధైర్యం ఆ పాత నియమం నుంచి వచ్చినదే. రాష్ట్రం ఆమోదించిన పిస్టళ్ల జాబితా ఒకటుంది. అందులో లేని పిస్టల్‌ను దుకాణంలో కొత్తగా కొనలేరు గానీ, కొత్త నివాసి తనదిగా తెచ్చుకుని నివేదిక ఇవ్వవచ్చు. ఈ తేడా తెలియక మంచి పిస్టల్‌ను అగ్గువకు అమ్మేసుకుని వచ్చేవాళ్లున్నారు. పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లను మాత్రం తేకూడదు, వాటికి నివేదిక అనే దారే లేదు.

మేరీల్యాండ్‌లో నివాసం ఏర్పరచుకున్న 90 రోజుల్లోపు రాష్ట్ర పోలీసులకు 77ఆర్ దరఖాస్తు పంపాలి. రుసుము 15 డాలర్లు. 2013 అక్టోబరు 1 నుంచి ఇది తప్పనిసరి. కానీ ఇది "నియంత్రిత" తుపాకీలకే, అంటే చేతితుపాకీలన్నిటికీ, జాబితాలో పేరున్న కొన్ని పెద్ద తుపాకీలకు. మామూలు వేట రైఫిల్‌కు, షాట్‌గన్‌కు అక్కర్లేదు. ఒకే ఇంట్లో మూడు తుపాకీలుంటే ఒకటి నమోదు కావాలి, రెండింటికి అవసరం లేదు అన్న పరిస్థితి ఇక్కడ సాధారణం. న్యూజెర్సీలో 2022 చట్టం కొత్త నివాసికి 60 రోజులు ఇచ్చింది. ఆలోపు తుపాకీ కొనుగోలు గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి, చేతితుపాకీలను నమోదు చేయాలి.

*లైసెన్స్‌తో ముడిపడిన నమోదు.* న్యూయార్క్ ఇందులో అన్నిటికంటే కఠినం, అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది కూడా. ఇక్కడ చేతితుపాకీకి "వచ్చాక ఇన్ని రోజులు" అన్న గడువు లేదు. లైసెన్స్ లేకుండా దగ్గర ఉంటే మొదటి రోజే నేరం. వేరే రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్‌ను న్యూయార్క్ గుర్తించదు. మీ లైసెన్స్ మీద ప్రతి పిస్టల్ తయారీదారు, మోడల్, క్యాలిబర్, సీరియల్ నంబర్ రాసి ఉంటాయి. ఇంకొకటి కొంటే లైసెన్స్‌కు సవరణ చేయించాలి. దరఖాస్తు తేలడానికి చట్టమే ఆరు నెలల దాకా సమయం ఇస్తుంది. కాబట్టి చేయాల్సింది ఇదీ: పిస్టల్‌ను పాత రాష్ట్రంలోనే చట్టబద్ధంగా ఉంచే ఏర్పాటు చేసుకోండి, లేదా లైసెన్స్ ఉన్న న్యూయార్క్ డీలరుకు పంపించండి. లైసెన్స్ చేతికొచ్చాకే తీసుకోండి.

న్యూయార్క్ నగరం మళ్లీ వేరు. రాష్ట్రంలో వేరేచోట తీసుకున్న లైసెన్స్ నగరంలో దానంతటదే చెల్లదు. రైఫిళ్లకు, షాట్‌గన్లకు కూడా నగర పోలీసుల పర్మిట్, నమోదు పత్రం కావాలి. పక్క కౌంటీలో మామూలుగా ఉంచుకున్న వేట తుపాకీ వంతెన దాటేసరికి కాగితం లేని తుపాకీ అవుతుంది.

*అమ్మకపు రికార్డు.* పెన్సిల్వేనియా చట్టం తుపాకీ రిజిస్టర్ పెట్టకూడదంటుంది. అయినా చేతితుపాకీ అమ్మకాల వివరాలు రాష్ట్ర పోలీసుల దగ్గర ఉన్నాయి. 2004లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది రిజిస్టర్ కాదంది, ఎందుకంటే రాష్ట్రంలో ఉన్న ప్రతి తుపాకీ అందులో ఉండదు, అమ్మినవే ఉంటాయి. సాకు లాంటి మాట అనిపించినా మీకు దాని ఫలితం ముఖ్యం: బయటి నుంచి తెచ్చుకుంటే అక్కడ నమోదు చేసేదేమీ లేదు. మిషిగన్‌లో పిస్టల్ కొన్నవారు అమ్మకపు రికార్డు ప్రతిని 10 రోజుల్లో స్థానిక పోలీసులకు అందజేయాలి.

*మనిషికి కార్డు, తుపాకీకి కాదు.* ఇల్లినాయ్‌లో యజమానికి ఫోయిడ్ కార్డు, అంటే తుపాకీ యజమాని గుర్తింపు కార్డు ఉండాలి. కొత్తగా వచ్చినవారికి అక్కడి డ్రైవింగ్ లైసెన్స్ తీసుకున్న రోజు నుంచి 60 రోజుల వెసులుబాటు ఉంది. మామూలు తుపాకీకి విడిగా నమోదు లేదు. షికాగో నగరానికి ఒకప్పుడు సొంత రిజిస్టర్ ఉండేది, 2013లో తీసేశారు.

*రిజిస్టర్ పెట్టడమే నిషేధం.* ఫ్లోరిడాలో ప్రభుత్వ సంస్థ తుపాకీ యజమానుల జాబితా తయారుచేస్తే 50 లక్షల డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. అక్కడికి వెళుతుంటే నమోదు గురించి చింత లేదు.

మూసేసిన తలుపులను ముందే గుర్తించండి

అన్నిటికంటే బాధాకరమైన తప్పు ఇక్కడ జరుగుతుంది. కొన్ని తుపాకీలను నమోదు చేయడం ఒకప్పుడు కుదిరేది, ఇప్పుడు కుదరదు. "అసాల్ట్ వెపన్" అని చట్టం నిర్వచించిన రైఫిళ్లకు కాలిఫోర్నియా 1989 నుంచి విడతలవారీగా నమోదు గడువులు పెట్టింది, అందరికీ తెరిచిన చివరి విడత 2018 మధ్యలో ముగిసింది. న్యూయార్క్ గడువు 2014 ఏప్రిల్ 15. ఆ రిజిస్టర్లు అప్పటికే రాష్ట్రంలో ఉన్నవారి కోసం. ఇప్పుడు మీరు తెస్తే "ఆలస్యంగా నమోదు చేస్తాను, జరిమానా కడతాను" అనడానికి వీల్లేదు. తేవడమే నేరం.

కనెక్టికట్ ఈ విషయంలో కొంచెం ఊపిరి పీల్చుకోనిస్తుంది. చట్టబద్ధంగా ఉన్న అలాంటి తుపాకీతో వచ్చి స్థిరపడినవారు 90 రోజుల్లో దాన్ని శాశ్వతంగా పనికిరాకుండా చేయించాలి, లైసెన్స్ ఉన్న డీలరుకు అమ్మాలి, లేదా రాష్ట్రం బయటికి పంపాలి. మామూలు పౌరుడికి నమోదు అనే నాలుగో దారి లేదు.

కాబట్టి సామాను కట్టేముందే ప్రతి రైఫిల్‌కు ఈ ప్రశ్న వేయండి. నిర్వచనాలు రాష్ట్రానికొకలా ఉంటాయి. పిస్టల్ పట్టు, మడిచే బట్, మంట కనబడకుండా మూతికి బిగించే పరికరం వంటి భాగాల మీద ఆధారపడతాయి. ఒక రాష్ట్రంలో రెండు భాగాలుంటే లెక్క, ఇంకోచోట ఒక్కటున్నా లెక్కే. అనుమానం ఉన్న రైఫిల్‌ను పాత రాష్ట్రంలోని డీలరు దగ్గర అమ్మేయడం, లేదా అక్కడే చట్టబద్ధంగా భద్రపరచడం మేలు. మా అభిప్రాయం అడిగితే, ఈ ఒక్క విషయంలో స్నేహితుల సలహా కంటే కొత్త రాష్ట్రంలోని న్యాయవాదికి ఇచ్చే గంట రుసుమే చవక.

తుపాకీల జాబితా సరిగ్గా రాసుకోండి

ఏ ఫారం నింపినా అడిగేవి ఇవే: రకం, తయారీదారు, దిగుమతి చేసిన సంస్థ ఉంటే దాని పేరు, మోడల్, క్యాలిబర్, సీరియల్ నంబర్, బారెల్ పొడవు, తయారైన దేశం, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చింది. ప్రతి తుపాకీకి ఒక కాగితం పెట్టుకోండి. ఫారాలు తిరిగి రావడానికి ముఖ్యమైన కారణం సీరియల్ నంబర్ తప్పు పడటం.

మ్యాగజైన్ తీయండి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి వేలితో తడిమి నిర్ధారించుకోండి. తర్వాత నంబర్ చూడండి. చట్టం ప్రకారం లెక్కలోకి వచ్చేది ఫ్రేమ్ లేదా రిసీవర్ (తుపాకీ ప్రధాన చట్రం) మీద ఉన్న నంబర్. బారెల్ మీద, స్లైడ్ మీద కూడా నంబర్లుండవచ్చు. భాగాలు మార్చిన తుపాకీలో అవి వేరుగా ఉంటాయి. గ్లాక్ పిస్టల్‌లో బారెల్ కింద, ఫ్రేమ్ ముందు భాగాన పొదిగిన చిన్న లోహపు పలక మీద ఉన్నది రాయాలి. సిగ్ పీ320లో ప్లాస్టిక్ పట్టు మీద కాదు, లోపలి లోహపు చట్రం మీద ఉంటుంది, పక్కనున్న చిన్న కిటికీలోంచి కనబడుతుంది. పాత రివాల్వర్‌లో సిలిండర్ పక్కకు తెరిస్తే కనిపించే అంకెలు కొన్నిసార్లు ఫ్యాక్టరీలో భాగాలు జతపరచడానికి వేసుకున్న గుర్తులు మాత్రమే. అసలు నంబర్ చాలావాటిలో పట్టు అడుగున ఉంటుంది. పెద్ద రబ్బరు పట్టు బిగించి ఉంటే దాన్ని విప్పి చూడాలి. పేటెంట్ నంబర్‌ను, మోడల్ నంబర్‌ను సీరియల్‌గా రాసేవారూ ఉన్నారు.

సున్నాకు, ఆంగ్ల 'ఓ' అక్షరానికి, ఒకటికి 'ఐ'కి, ఎనిమిదికి 'బీ'కి తేడా కనబడకపోతే టార్చి వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీయండి. మసకబారిన చోట కొంచెం సుద్దపొడి రుద్ది మెత్తని గుడ్డతో తుడిస్తే గాట్లలో తెలుపు నిలిచి అంకెలు తేలతాయి. తుప్పు ఉందని గరుకు కాగితంతోనో తీగ బ్రష్‌తోనో రుద్దవద్దు. సీరియల్ చెరిగిన తుపాకీ దగ్గర ఉండటం ఫెడరల్ నేరం, ఎవరు చెరిపారన్నది తర్వాతి మాట.

1968 నాటి తుపాకీ నియంత్రణ చట్టానికి ముందు తయారైన చౌక .22 రైఫిళ్లు, షాట్‌గన్లు కొన్నిటికి అసలు నంబరే వేయలేదు. అవి అలాగే చట్టబద్ధం. ఫారంలో ఆ గడిని ఖాళీగా వదిలేస్తే తిరిగి వస్తుంది, తోచిన నంబర్ వేస్తే అబద్ధపు ప్రకటన అవుతుంది. కార్యాలయానికి ఫోన్ చేసి వాళ్లు ఏం రాయమంటే అదే రాయండి.

దారిలో ఏం కాపాడుతుంది, ఎంతవరకు

బయల్దేరిన చోటా, చేరే చోటా మీ దగ్గర తుపాకీ ఉండటం చట్టబద్ధమైతే మధ్యలోని రాష్ట్రాల్లో ఫెడరల్ చట్టం మీకు దారి ఇస్తుంది. తుపాకీలో తూటాలు ఉండకూడదు. తుపాకీ, తూటాలు రెండూ కూర్చున్న చోటు నుంచి చేతికి అందకూడదు. కారుకు విడిగా డిక్కీ లేకపోతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. డాష్‌బోర్డు అర గానీ సీట్ల మధ్య అర గానీ ఆ పెట్టె కిందికి రావు.

ఈ రక్షణ ప్రయాణానికే గానీ మజిలీకి కాదు. 2005లో న్యూవార్క్ విమానాశ్రయంలో కనెక్షన్ తప్పిన ఒక ప్రయాణికుడు తుపాకీ ఉన్న తన సామాను తీసుకుని రాత్రి హోటల్‌లో ఉన్నాడు. మర్నాడు కౌంటర్ దగ్గర తానే నిజాయితీగా చెప్పాడు, అరెస్టయ్యాడు. హోటల్‌లో తుపాకీ అతని చేతికి అందుబాటులో ఉంది కాబట్టి ఫెడరల్ రక్షణ వర్తించదని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది. అందుకే న్యూయార్క్, న్యూజెర్సీల మీదుగా విమానం మారే టికెట్ కొనకండి. వాతావరణం బాగోక అక్కడ దిగాల్సి వచ్చి సామాను బెల్టు మీదకు వస్తే పెట్టె ముట్టుకోకుండా విమాన సంస్థ సిబ్బందిని, విమానాశ్రయ పోలీసులను పిలిచి, మరుసటి విమానం దాకా వాళ్ల దగ్గరే ఉంచమని అడగండి. విమానంలో తీసుకెళ్లేటప్పుడు తూటాలు తీసిన తుపాకీ తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్‌ఇన్ సామానులోనే ఉండాలి, కౌంటర్‌లో చెప్పి తీరాలి.

చేతులు మారితే

మామగారు వేరే రాష్ట్రం నుంచి వచ్చి "ఇది నీకే" అని పిస్టల్ చేతిలో పెడితే అది నేరం. బతికున్న వ్యక్తి ఇంకో రాష్ట్రవాసికి ఇవ్వాలంటే లైసెన్స్ ఉన్న డీలరు ద్వారానే ఇవ్వాలి, పిస్టలైతే తీసుకునే వ్యక్తి రాష్ట్రంలోని డీలరే కావాలి. అదే ఆయన పోయాక వీలునామా ద్వారానో వారసత్వంగానో వస్తే ఫెడరల్ చట్టం నేరుగా తీసుకోనిస్తుంది. కానీ మీ రాష్ట్రం నియమాలు అప్పుడు మొదలవుతాయి. కాలిఫోర్నియాలో అయితే 30 రోజుల్లో వారసత్వ నివేదిక పంపాలి. వీలునామా ప్రతి, మరణ ధ్రువపత్రం ప్రతి తుపాకీ కాగితాలతో కలిపి ఉంచండి.

కార్యాలయాన్ని ఎలా అడగాలి

రాష్ట్ర శాసనసభ వెబ్‌సైట్‌లో చట్టం, రాష్ట్ర పోలీసు లేదా న్యాయశాఖ వెబ్‌సైట్‌లో ఫారం, రెండూ చూడండి. ఫారం మీద సవరణ తేదీ ఉంటుంది, పాత ప్రతి పంపితే తిరిగి వస్తుంది. తర్వాత నగరం, కౌంటీ సంగతి అడగండి. చాలా రాష్ట్రాలు ఊళ్ల సొంత నియమాలను రద్దు చేశాయి. లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీలో చేతితుపాకీ నమోదుకు ఇచ్చే నీలి కార్డు 2015లో పోయింది, ఒమాహా నగర నమోదు 2023లో పోయింది. ఇంటర్నెట్‌లో పాత పేజీలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

ఫోన్‌లో "నమోదు కావాలా?" అని అడగకండి. "నేను ఫలానా రాష్ట్రం నుంచి ఫలానా తేదీన వస్తున్నాను, నా దగ్గర ఈ రకం తుపాకీ ఉంది, తేవచ్చా, వచ్చాక ఎన్ని రోజుల్లో ఏ ఫారం ఇవ్వాలి?" అనండి. మాట్లాడినవారి పేరు, తేదీ, సమయం రాసుకుని అదే ప్రశ్న ఈమెయిల్‌లో పంపి రాతపూర్వక జవాబు తీసుకోండి. గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటే తుపాకీ పట్టుకుని స్టేషన్‌కు వెళ్లవద్దు. ముందు న్యాయవాదితో మాట్లాడి, ఆయన చెప్పిన దారిలోనే కాగితం పెట్టండి.

వదిలి వచ్చిన చోట మిగిలిన పని

నమోదు ఉన్న రాష్ట్రం నుంచి బయటికి వచ్చేటప్పుడు మీ పేరు ఆ రిజిస్టర్‌లో అలాగే ఉండిపోతుంది. కాలిఫోర్నియాలో అమ్మేసిన, పోయిన తుపాకీ ఇక మీ దగ్గర లేదని తెలపడానికి బీవోఎఫ్ 4546 ఫారం ఉంది. న్యూయార్క్ లైసెన్స్ ఉన్నవారు చిరునామా మారితే 10 రోజుల్లో తెలపాలి. డీలరుకు అమ్మితే రసీదు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. పదేళ్ల తర్వాత ఆ తుపాకీ ఎక్కడో నేరంలో దొరికి పోలీసులు మీ తలుపు తడితే జవాబు చెప్పేది ఆ రసీదే.

దొంగతనం జరిగితే గడువులు ఇంకా చిన్నవి. కాలిఫోర్నియాలో తెలిసిన ఐదు రోజుల్లో, న్యూయార్క్‌లో 24 గంటల్లో పోలీసులకు చెప్పాలి. అప్పుడు మొదట అడిగేది సీరియల్ నంబరే. అందుకే జాబితా ప్రతి ఒకటి తుపాకీల పెట్టెలో కాకుండా వేరేచోట ఉంచండి.